పదహారు గొర్రెల కార్డు

ఆ కార్డు కొనడం విక్టర్ చేసిన మొదటి తప్పు. దాని గురించి వాళ్ళమ్మ దీనమ్మకు గొప్పగా చెప్పడం రెండో తప్పు. మొదటిదాన్ని దిద్దుకోవడానికి షాపువాడు ఏడు రోజులు గడువిచ్చాడు. రెండోదానికి గడువు లేదు. రాచర్ల పక్కన ఆ పల్లెలో దీనమ్మ చెవిన పడ్డ మాట పొయ్యి మీద పాల లాంటిది, ఎవరూ చూడనప్పుడు పొంగిపోతుంది.

అది కంప్యూటర్‌లో పెట్టే గ్రాఫిక్స్ కార్డు. తెర మీద కనిపించే బొమ్మలన్నీ గీసే పని దానిది. మూడు ఫ్యాన్లు, ఇటుకంత బరువు, లక్షా డెబ్బై వేల ధర. విక్టర్ గిద్దలూరులో మురళీధర్ స్టూడియోలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాడు. జీతంలో మిగిల్చుకుని, రెండేళ్ళలో ఒక్కో భాగమే కొని, ఇంట్లో ఒక కంప్యూటర్ పేర్చుకున్నాడు. కార్డు ఒక్కటే తక్కువ. ఈ కార్డు ధరకు తగిందా కాదా అని వాదించుకునే వీడియోలు వందైనా చూసి ఉంటాడు. తగదని చెప్పినవాడి మాట ఎడమ చెవిలో వదిలేసి, తగునన్నవాడి మాట మనసులో దాచుకున్నాడు. ఆ కార్డుంటే ఆటల్లో గడ్డి పరక పరకా విడిగా ఊగుతుందట, చెరువులో కొండ నీడ కదులుతుందట.

ఆడుకోవడానికి కావాలంటే ఇంట్లో నవ్వుతారు. అందుకని, “అది ఉంటే పెళ్ళిళ్ళ పని ఇంటికాడే చేసుకోవచ్చు. సంపాదన రెండింతలైతది” అన్నాడు. పూర్తి అబద్ధం కాదు, సగం నిజం. పూర్తి అబద్ధమైతే ఎక్కడో ఒకచోట దొరికిపోయి బతికిపోయేవాడు.

తండ్రి వరప్రసాదం ఒక్క మాట అడగలేదు. మందలో ఉన్న పదహారు గొర్రెల్నీ పక్కూరి పాపయ్యకు తోలిచ్చి, ఆ డబ్బు తెచ్చి కొడుకు చేతిలో పెట్టాడు. విక్టర్ తలెత్తి ఆయన మొహం చూడలేదు. అయినా డబ్బు వెనక్కివ్వలేదు. ఆశ అంత సిగ్గులేనిది.

రెండు రోజులు తిండి కూడా మరిచిపోయి ఆడాడు. గడ్డి నిజంగానే పరక పరకా ఊగింది. మూడోరోజు ఎడిట్ చేసిన ఒక పెళ్ళి వీడియోను దాంతో పూర్తి ఫైలుగా తీసి చూసి, స్టూడియోకి వెళ్ళి మురళీధర్‌కు చెప్పాడు.

“ఎంతసేపు పట్టింది?” అన్నాడు మురళీధర్.

“పద్నాలుగు నిమిషాలన్నా.”

“మన స్టూడియో కార్డులో?”

“ఇరవై.”

“మనది ముప్పైయైదు వేలు. ఆరు నిమిషాల కోసం లచ్చా ముప్పైయైదు వేలు ఎక్కువ పోసినావా? ఆ ఆరు నిమిషాల్లో నేను టీ తాగొస్తా కదరా!” మురళీధర్ తాతల నాటి దుకాణంలో పుట్టి పెరిగిన మనిషి. నవ్వినా మాట మాత్రం తూకం వేసే అంటాడు. “సరుకు మంచిదే, కాదనను. సినిమాలకు పనిచేసేటోడికి ఆ రేటు గిట్టుతది. నీ గిరాకీ ఏంది? గిద్దలూరు పెళ్ళిళ్ళు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం ఏసినావు.”

ఆ రాత్రి మొదలు విక్టర్‌కు అన్నం సయించలేదు. తెరలో గడ్డి చూస్తే ఇంటి వెనక ఖాళీ దొడ్డి గుర్తుకొచ్చేది. శనివారం మధ్యాహ్నం ఇంటి వెనక్కి పోయి విజయవాడ షాపుకు ఫోన్ చేశాడు.

“బిల్లుందన్నా. పెట్టె, అట్టలు అన్నీ ఉన్నయ్. లేదన్నా, గీత లేదు, మరక లేదు, తడి చెయ్యి కూడా తగల్లేదు. మరకుంటే తీసుకోరా? ఏం లేదన్నా, కొత్తదాని మాదిరే ఉంది. సోమవారం నేనే తెస్తా.”

నూటికి పది పట్టుకుని మిగతాది ఇస్తామన్నారు. వెంటనే పాపయ్యకు ఫోన్ చేశాడు. ఇంకా సంతకు తోలలేదు, మంగళవారం దాకా ఆగుతానన్నాడు పాపయ్య. పద్నాలుగు గొర్రెలు తిరిగొస్తాయి. విక్టర్‌కు వారంలో మొదటిసారి ఊపిరాడింది. ముందుకు తిరిగి వస్తే, గోడ పక్కనే మంచం మీద తండ్రి కూర్చుని మోకాళ్ళు రుద్దుకుంటున్నాడు. ఆయన పలకరించలేదు, వీడూ పలకరించలేదు. ఆ ఇంట్లో అది మామూలే.

ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల సమయానికి దీనమ్మ కొంగు తల మీదికి లాక్కుని లేచింది.

“దేవునికి స్తోత్రం. నా బిడ్డకు దేవుడు పెద్ద మిషను ఇచ్చినాడు. పదహారు గొర్రెల మిషను. ఇంక మా ఇంటి కరువు తీరినట్టే. మాపటేల అయ్యగారు, సంఘం అంతా మా ఇంటికొచ్చి దాన్ని ప్రార్థనలో పెట్టాల.”

అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ పల్లెలో ప్రార్థన లేకుండా ఏదీ పనిలోకి దిగదు. బోరు వేసినా, ఆటో కొన్నా, ఆఖరికి కుట్టుమిషను తెచ్చుకున్నా పాస్టరు గారు వచ్చి దాని మీద చెయ్యి పెట్టి, నూనె అంటించి, దేవుని చేతికి అప్పగిస్తారు. అప్పగించినదాన్ని మళ్ళీ అమ్ముకున్నవాడు లేడు. అమ్ముకుంటే దేవుడు ఊరుకుంటాడేమో గానీ సంఘం ఊరుకోదు.

సాయంత్రానికి రెండు గదుల ఇంట్లో ముప్పైమంది ఇరుక్కున్నారు. విక్టర్ అప్పటికే కార్డు ఊడదీసి, అట్టల్లో పెట్టి, పెట్టె మూసి టేపు కూడా వేశాడు. ఎట్లాగో ప్రార్థన పెట్టె మీదే కానిచ్చేస్తే రేపు బండెక్కవచ్చని వాడి ఆలోచన.

“అయ్యగారూ, చానా సున్నితమైంది. పెట్టె మీదనే చెయ్యి పెట్టండి” అన్నాడు.

“సరే బాబూ, దానికేముంది” అన్నారు పాస్టరు గారు. మంచి మనిషి.

అప్పుడు మూల నుంచి వరప్రసాదం, సంఘంలో ఏడాదికొక మాట మాట్లాడే వరప్రసాదం, గొంతు సవరించుకున్నాడు. “పెట్టెకేం ప్రార్థన అయ్యగారూ? వస్తువును బయటికి తీపిచ్చండి. నూనె కూడా నిండుగా పెట్టండి.”

“అవునయ్యా, నిజమే” అంది దీనమ్మ, టేపు తనే చింపేస్తూ.

అందరూ కళ్ళు మూసుకున్నారు. విక్టర్ ఒక్కడే తెరుచుకుని ఉన్నాడు. పాస్టరు గారు సీసా అరచేతిలోకి వంచుకున్నారు. వద్దని అరవాలి. అరిస్తే ఎందుకో చెప్పాలి. చెబితే, కన్నీళ్ళు కారుస్తూ చేతులెత్తి నిలబడ్డ ఈ అమ్మ, పొద్దున సంఘం ముందు అబద్ధ సాక్ష్యం చెప్పినదవుతుంది. వాడు చూస్తుండగానే మూడు ఫ్యాన్ల మీదా మూడు చారలు పడ్డాయి. నూనె రేకుల మధ్య నుంచి మెల్లగా లోపలికి దిగింది. ముప్పై గొంతులు ఆమెన్ అన్నాయి. వాడిదీ కలిసింది.

జనం వెళ్ళాక ఇంటి వెనక కూర్చుని మెత్తని గుడ్డతో తుడిచాడు. పుల్లకు దూది చుట్టి తుడిచాడు. పైది పోయింది, లోపలికి దిగింది పోలేదు. వాసనా పోలేదు. తండ్రి వచ్చి పక్కన, ఖాళీ దొడ్డి కంపకు ఎదురుగా కూర్చున్నాడు. విక్టర్‌కు ఇక దాచడం చేతకాలేదు.

“నాయనా, తిట్టొద్దు. నేను ఆడుకునేదానికే కొన్నా ఇది. పనికి ముప్పైయైదు వేలది చాలు. రేపు వాపసు ఇద్దామనుకున్నా, పాపయ్యతో కూడా మాట్లాడినా. పద్నాలుగు గొర్రెలు తిరిగొచ్చేవి. ఇప్పుడు ఈ నూనెతో...”

“తెలుసు.”

“ఏం తెలుసు?”

“మరకుంటే తీసుకోరని. నిన్న గోడకు అవతల నేనే ఉంటి.”

విక్టర్ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

“సాక్ష్యం చెప్పమని మీయమ్మకు చెప్పింది కూడా నేనే” అన్నాడు వరప్రసాదం. ఆయన గొంతులో కోపం లేదు, సిగ్గు మాత్రం ఉంది. “నలభై ఏండ్లు గొర్రెల ఎనక కొండ తిరిగినా. మోకాళ్ళు పోయి మూడేండ్లయింది. నొప్పని చెప్తే అమ్మనిస్తదా మీయమ్మ? ఉన్నన్నాళ్ళు తిరగాల్సిందే. నువ్వు దుడ్లు కావాలని అడిగినావు జూడు, ఆ పొద్దు నా మెడలో పలుపు తెగినట్టయింది. నీ కార్డు మంచిదో చెడ్డదో నాకేమెరుక? నన్నయితే ఇడిపించింది. మళ్ళా ఆటిని తెచ్చి నా ముందర నిలబెడతానంటే ఎట్ల ఊరుకుండేది?”

విక్టర్‌కు ఏడుపొచ్చింది. తండ్రి మోకాళ్ళ మీద చెయ్యి వెయ్యాలనిపించింది, అదే చేత్తో ఆయన్ని పట్టి ఊపెయ్యాలనీ అనిపించింది.

“మరి నేనెట్ల నాయనా? దాంతో రెండింతలు సంపాదన రాదు. అబద్ధం చెప్పినా.”

“వస్తదని నువ్వు చెప్తివి. మీయమ్మ సంఘంలో చెప్పింది. ఇంక రావాల్సిందే” అని వరప్రసాదం గోడ పట్టుకుని లేచాడు. “మీయమ్మకు నా మోకాళ్ళ మాట చెప్పబాక.”

సోమవారం పొద్దెక్కింది. విజయవాడ బండి వెళ్ళిపోయే వేళకు వరప్రసాదం దుప్పటి ముసుగు పెట్టి గురక తీస్తున్నాడు. ఎండ పడ్డాక తండ్రి నిద్రపోవడం విక్టర్ పుట్టి చూడలేదు. దీనమ్మ కంప్యూటర్ బల్ల తుడిచింది, కుర్చీ మీద దుప్పటి మడిచి వేసింది, టీ గ్లాసు పెట్టింది. మిషను చూస్తామని వాకిట్లో మూగిన పిల్లల్ని అదిలించింది.

“పోండే! మా వాడు పనికి కూర్చున్నాడు.”

పిల్లలు తోసుకుని రాకుండా తలుపు దగ్గరికి లాగి, బయటి నుంచి గొళ్ళెం పెట్టింది.

“ఆకలైతే పిలువు నాయనా, తీస్తా.”