ఆముదం ఆకు కింద ముళ్ళ పురుగు

హనుమంతమ్మ ఆముదం గెలలు కోస్తోంది. ఆకు కిందికి చెయ్యి పెట్టగానే ముంజేతికి నిప్పు తగిలినట్టయింది. ఆకు తిప్పి చూసింది. వేలి కణుపంత పచ్చ పురుగు, వీపు మీద నీలం చార, ఒళ్ళంతా ముళ్ళు.

వారం కిందట ఇలాంటి పురుగునే ఫోన్‌లో చూసింది. అది కుడితే అయిదు నిమిషాల్లో ప్రాణం పోతుందని ఆ వీడియోలో ఎవరో చెప్పారు.

"ఏమప్పా, ఇట్లా రా," అని పక్క సాలులో ఉన్న మొగుణ్ణి పిలిచింది.

ఓబుళేసు తువ్వాలు చింపి ఆమె మోచేతి పైన బిగించి కట్టాడు. పురుగును ఆకుతో సహా సద్ది గిన్నెలో వేసి మూతపెట్టి, రాయదుర్గం ఆసుపత్రికని బండి తీశాడు.

"అంతదూరం పోయేదాకా ఉంటానో లేదో. పాపను మా అమ్మ కాడ వదులు," అంది హనుమంతమ్మ.

"గమ్మునుండు మే," అన్నాడు. బండి ఇంకా జోరుగా తోలాడు.

దారిలో రైతు సేవా కేంద్రం తెరిచి ఉంది. వ్యవసాయ సహాయకురాలు సరళ కనిపించగానే ఓబుళేసు బండి ఆపి గిన్నె చూపించాడు.

"ఎంతసేపయింది?"

"ఇరవై నిమిషాలయింటాది మేడం. అయిదు నిమిషాల్లో పానం పోతాదని ఫోన్‌లో వీడియో చూసినా. సచ్చిపోతానా?" అంది హనుమంతమ్మ.

"లేదక్కా. ఇది చంపదు, ఆ వీడియో అబద్ధం. ఆ కట్టు ఇప్పు మొదలు."

సరళ మంట ఉన్నచోట టేపు అంటించి లాగింది. సన్నటి ముళ్ళు దాంతోపాటు వచ్చాయి. సబ్బుతో కడిగించింది. "ఆయాసం వస్తే మాత్రం ఆసుపత్రికి పోండి," అంది.

ఆయాసం రాలేదు. మర్నాటికి మంట తగ్గింది. కానీ హనుమంతమ్మ గట్టు దాటి చేలోకి దిగలేకపోయింది. ప్రతి ఆకు కిందా అదే ఉందనిపించింది. ఓబుళేసు వెళ్ళి సరళను పిలుచుకొచ్చాడు.

సరళ కట్టెతో ఆకులు తిప్పి చూపించింది. ఒకదాని కింద పొలుసుల్లాంటి గుడ్లు. ఇంకోదాని కింద పిల్ల పురుగులు గుంపుగా ఆకును గీకుతున్నాయి. కాండానికి చింతగింజలాంటి గట్టి గూడు అంటుకుని ఉంది.

"పురుగు ఇందులో నిద్రపోయి రెక్కల పురుగై వస్తాది. అదిగో, అట్లాంటిదే."

పక్క ఆకు మీద ఒకటి వాలి ఉంది. పచ్చ రెక్కలు, గోధుమరంగు అంచు. చిన్నది. సరళ దాన్ని వేలి మీదికి ఎక్కించుకుంది. "దీనికి ముళ్ళుండవు. పట్టుకో అక్కా."

హనుమంతమ్మ చెయ్యి చాపలేదు. "ఇంకోసారి మేడం."

మొగుడి పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని చేలోకి దిగింది. ప్రతి ఆకునూ కట్టెతో తిప్పి చూశాకే గెల మీద చెయ్యి వేసింది. పొద్దుగూకేసరికి ఒక్క సాలు అయింది.