తెల్లపువ్వు కోసం

మా అత్త సంతానలక్ష్మి గుండెకు ఆపరేషన్ చేయాలని, ఇక ఆలస్యం వద్దని మదురై డాక్టరు చెప్పి నెల దాటింది. ఆమె మాత్రం ప్రతి మంగళవారం మా వీధి మారియమ్మ గుడికి పోయి పూలు అడుగుతుంది. ముఖం వేలాడేసుకుని ఇంటికొస్తుంది.

"అమ్మవారి ఉత్తరవు రాలేదమ్మా జీవితా. ఇంగొక వారం చూస్తాము."

ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది.

మా రాజపాళయంలో ఇదొక అలవాటు. ఎర్ర గన్నేరు పువ్వొకటి, తెల్ల నందివర్ధనం ఒకటి వేరువేరుగా అరటాకులో చుట్టి అమ్మవారి పాదాల దగ్గర పెడతారు. మనసులో అడగాల్సింది అడిగి, కళ్ళు మూసుకుని ఒక పొట్లం తీస్తారు. తెల్లపువ్వు వస్తే సరే, ఎర్రది వస్తే వద్దు. ఏం అడిగారో తెల్లపువ్వు వచ్చేదాకా బయటికి చెప్పకూడదు. ఇల్లు కట్టాలన్నా ఇదే, పిల్లనివ్వాలన్నా ఇదే. కట్టుకోండి, ఇచ్చుకోండి, నాకేం? గుండెకు కూడానా?

మా ఆయన హరికృష్ణన్‌తో మొరపెట్టుకున్నాను. "అమ్మ నమ్మకం. మనమేమి చెప్పేది?" అని టీవీ వైపు తిరిగాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు ఈ మనిషి.

ఆ మంగళవారం అత్త గుడికి బయలుదేరబోయి, వాకిట్లోనే ఆయాసంతో కూలబడింది. నాకు భయం వేసింది. భయం వేస్తే నాకు కోపం వస్తుంది. పొట్లాలు కట్టేది ఎలాగూ నేనే కాబట్టి రెండింటిలోనూ నందివర్ధనమే పెట్టాను. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇచ్చే పూజారి ఒకరుంటే తప్పేమిటి?

కాస్త తేరుకున్నాక చెయ్యి పట్టుకుని గుడికి నడిపించాను. పొట్లం విప్పి, తెల్లపువ్వు చూసి అత్త ఏడ్చేసింది.

"సరిపోయింది గదా. రేపే మదురై పోదాము," అన్నాను.

"మదురైయా? దాన్ని ఎవరు అడిగినారు?"

"మరి వారం వారం ఏమి అడిగినారు?"

"ముత్తుసామికి తోపులో దోవ విడిచేదా అని."

ముత్తుసామి మా మామ తమ్ముడు. చోళపురం దారిలో మా మామిడితోపు వెనకే ఆయన పొలం. అన్నదమ్ములు భాగాల దగ్గర కొట్లాడుకున్నాక మా మామ దారికి అడ్డంగా ముళ్ళకంచె వేశాడు. అప్పటినుంచీ ఆయన పంటను తలమీద మోసుకుని కాలవ చుట్టూ తిరిగి పోతున్నాడు. రెండిళ్ళకూ మాటల్లేవు, చావుకైనా పోము.

"కంచె తీసేదానికి సామిని అడగవలెనా అత్తా? పీకి పారేస్తే పోయేది!"

"మీ మామ పోయేటప్పుడు వానికి దోవ ఇయ్యొద్దని చెప్పి పోయినాడు. ఆ మాట దాటేదానికి అమ్మ ఉత్తరవు కావలె. ఈ పగ పెట్టుకుని ఆ ఆపరేషన్ బల్ల మీద ఎట్ల పండుకునేది? లేస్తానో లేదో."

ఇన్నాళ్ళూ ప్రాణం మీదికి తెచ్చుకున్నది ఇందుకా! నా నోరు ఆగలేదు.

"ఉత్తరవూ లేదు, ఏమీ లేదు. రెండిట్లోనూ తెల్లపువ్వే పెట్టినాను. చూడండి!"

అత్త రెండో పొట్లం తెచ్చి విప్పింది. అందులోనూ తెల్లపువ్వే. నా తిక్క నోటితో కంచెనూ ఆపరేషన్‌నూ రెండింటినీ పోగొట్టానని అప్పుడు తెలిసింది.

"ఎర్రది వచ్చినప్పుడల్లా మళ్ళా వచ్చి అడిగినాను గదా," అంది. "వద్దనుకునేదాన్ని అయితే రెండోతూరి అడుగుతానా? ఆటో పిలువు. తోపుకు పోదాము."

తోపులో ఆమెను గట్టు మీద కూర్చోబెట్టి నేనే ముళ్ళు లాగాను. చేతులు గీసుకుపోతుంటే మా మామను, మారియమ్మను, మా ఆయన్ను వరసగా తిట్టాను. ఆమె మాత్రం పొలం వైపు తిరిగి గొంతెత్తి పిలుస్తోంది.

"ముత్తుసామీ! ఒరే ముత్తుసామీ!"

"అరవొద్దు అత్తా, గుండె!" అని నేను అరిచాను.

పైరులోంచి ముసలాయన లేచాడు. తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకుని, కంచె ఉన్నచోటిదాకా వచ్చి, అవతలే ఆగిపోయాడు.

"ఇట్ల దాటి రా," అంది అత్త. "రేపు నన్ను మదురైకి నువ్వే పిలుచుకుని పోవలె."