రొట్టె చప్పుడు

ఆ బుధవారం మగ్దలేనమ్మకు ఈ లోకంలో ఒకే ఒక్క కోరిక ఉంది. మొగుడు రాత్రి డ్యూటీకి పోయే ముందు తీరుబడిగా కూర్చుని, పెనం మీంచి దిగిన జొన్నరొట్టె వేడివేడిగా కడుపునిండా తినాలి. మేడలు అడగలేదు, నగలు అడగలేదు. అడిగింది రొట్టె, అదీ తనకు కాదు. ఇంత చిన్న కోరిక తీరడానికి ఇన్ని అడ్డంకులు ఎక్కడినుంచి పుట్టుకొస్తాయో ఆ దేవుడే చెప్పాలి.

మొగుడి పేరు సీమోను. బొగ్గుబాయిలో టబ్బుల్లోకి బొగ్గు నింపే పని. నెల రోజులు చలిజ్వరంతో మంచం పట్టి మనిషి సగమయ్యాడు. మెడ కింద ఎముకలు బయటికి వచ్చాయి, చొక్కా ఎవరిదో అడిగి తొడుక్కున్నట్టు వేలాడుతోంది. ఆ నెలంతా గంజి, జావ, మళ్లీ గంజి. ఇవాళే తిరిగి డ్యూటీలో దిగుతున్నాడు. "ఖాళీ కడుపుతోని మాత్రం బాయిల దిగనియ్యకమ్మా, కండ్లు తిరుగుతయ్" అని డాక్టరు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. సీమోను ఆ మాటను ఆసుపత్రి గుమ్మంలోనే వదిలేసి వచ్చాడు. మగ్దలేనమ్మ కొంగున కట్టుకుని తెచ్చుకుంది.

అందుకే మధ్యాహ్నమే శనగపప్పు నానేసింది. పప్పులో వేయడానికి పుల్లటి పుంటికూర కట్టలు రెండు ఒలిచి పెట్టుకుంది. ఎల్లిపాయ కారం దంచింది. చీకటి పడేసరికి పప్పు దించి, రొట్టెలు చేసి, ఆయన్ను కూర్చోబెట్టి, తను ఎదురుగా కూర్చుని ఒక్కొక్కటే వేసి తినిపించాలి. బస్సు వచ్చేలోపు కాసేపు నడుం వాల్చినా వాల్చొచ్చు. ఇదీ ఆమె ఏర్పాటు.

సాయంత్రం సీమోను బజారు నుంచి వచ్చి, గొడుగు మూలన పెట్టి, చాలా మామూలుగా చెప్పాడు.

"ఇయ్యాల కూడిక మనింట్లనే."

పుంటికూర కడుగుతున్న మగ్దలేనమ్మ చేతులు గిన్నెలోనే ఆగిపోయాయి. సంఘం వాళ్లు బుధవారం బుధవారం ఒక్కో ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకుంటారు. ప్రార్థన అయ్యాక వచ్చినవాళ్లంతా ఆ ఇంట్లోనే తిని పోతారు. ఈ బుధవారం కొమురెల్లి ఇంటి వంతు.

"కొమురెల్లి ఇంటికేమైంది?"

"ఇల్లు కురుస్తున్నదట. కూసుండ జాగ లేదట. మరి మా క్వార్టర్ల పెట్టుకుందాం అయ్యగారూ అని పాస్టరుకు నేనే చెప్పిన."

"నువ్వే చెప్పినవా?"

"నేనే చెప్పిన."

"నెల దినాలు పండుకొని లేసి, ఇయ్యాల డ్యూటీకి పొయ్యేది పెట్టుకొని, నువ్వే చెప్పినవా?"

"దేవుని పనికి ఇయ్యాల రేపు ఉంటదానే?"

"దేవునికి ఉండకపోవచ్చు, నీ కడుపుకు ఉంటది!" అంది మగ్దలేనమ్మ. ఇంకా చాలా అనాలని ఉంది కానీ అనడానికి టైము లేదు. ఇద్దరికి నానేసిన పప్పు ఎనిమిది మందికి సాగాలి. నానని పప్పు ఇంకో రెండు గుప్పెళ్లు కలిపి, ఇది ఉడికి చావదు, చూస్తుండు అని తిట్టుకుంటూ పొయ్యిలో బొగ్గులు వేసింది. బొగ్గుల పొయ్యితో ఇంకో బాధ. రాజుకునేదాకా రాజుకోదు, రాజుకున్నాక తగ్గమంటే తగ్గదు. ఈ ఇంట్లో మొగుడూ అంతే, పొయ్యీ అంతే అనుకుంది.

పప్పు అదృష్టం కొద్దీ ఉడికింది. దీపాల వేళకు ఎర్రగా పోపు పెట్టి, పిండిలో ఉడుకునీళ్లు పోసి పిసికి, తడిగుడ్డ కప్పి పెట్టింది. ఇంకా ఎవరూ రాలేదు. మొగుణ్ణి వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించి బతిమాలింది.

"రెండు రొట్టెలు కొట్టిస్త, జర తిను. ఎవ్వలు జూస్తరు?"

సీమోను ఆమె దొంగతనం చేయమన్నట్టు చూశాడు. "అయ్యగారు ముద్ద ముట్టకముందు నేను మెక్కుడా? పిలిసింది నేను. సిగ్గుండద్దా?"

"సిగ్గు కడుపు నింపుతదా?"

"ప్రార్థన ఎంతసేపయితది? అయినంక తింట తీయ్."

ప్రార్థన ఎంతసేపవుతుంది! ఆ మాట గుర్తుపెట్టుకోండి. మగ్దలేనమ్మ జీవితాంతం గుర్తుపెట్టుకుంది.

ఇక్కడ ఆమె గురించి ఒక ముచ్చట చెప్పాలి. వాళ్లు హుస్నాబాద్ వైపు పల్లె నుంచి వచ్చి ఈ క్వార్టరులో దిగి ఏడాది కాలేదు. ఇంట్లో కూడిక జరగడం ఇదే మొదటిసారి. ఇన్నాళ్లూ ఇతరుల ఇళ్లకు పోయినప్పుడల్లా ఆమెకు ఒకటే చిరాకు. అయ్యగారు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే ఆ ఇంటి ఆడవాళ్లు లోపల గిన్నెలు దబదబలాడిస్తారు, రొట్టెలు టపటపా కొడతారు. వీళ్లకు భక్తి లేదా, భయం లేదా అని ఆమె లోలోపలే పళ్లు కొరికేది. నా ఇంట్లో కూడిక జరిగిన రోజు చెంచా చప్పుడు కూడా కానియ్యను అని ఎప్పుడో నిర్ణయించుకుంది. ఆ రోజు ఇదిగో, ఇలా వచ్చింది.

తీతయ్య పాస్టరు వచ్చాడు. కొమురెల్లి వచ్చాడు. పక్క క్వార్టరు ముసలమ్మ సత్తవ్వ, ఇంకో ముగ్గురు వచ్చారు. ముందు గదిలో చాపలు పరిచారు. ఒక పాట అయింది. వాక్యం అయింది. దాని మీద నాలుగు మాటలూ అయ్యాయి. మగ్దలేనమ్మ నెత్తిన కొంగు కప్పుకుని, వంటింటి గుమ్మంలో పరదా వెనక కూర్చుంది. పప్పుగిన్నె మూత ఆవిరికి లేచి టిక్కుటిక్కుమంటుంటే మధ్యలో గుడ్డముక్క దూర్చింది. గరిటె ఎక్కడ జారుతుందోనని దాన్నీ గుడ్డ మీద పడుకోబెట్టింది. జొన్నరొట్టె మాత్రం చప్పుడు లేకుండా అయ్యేది కాదు. పీట మీద అరచేత్తో కొడితేనే సాగుతుంది, కొడితే వాడంతా వినబడుతుంది. అందుకని పిండిని అలాగే ఉంచి, ఆమేన్ అనగానే మొదలుపెడదామని చేతులు కడుక్కుని సిద్ధంగా ఉంది.

"ప్రార్థన చేసుకుందాం" అన్నాడు తీతయ్య. అందరూ తలలు వంచారు.

తీతయ్య దేశం కోసం ప్రార్థించాడు. ఏలేవాళ్లకు మంచి బుద్ధి పుట్టాలన్నాడు. వానల కోసం, పెద్దపల్లి వైపు వరి నాట్లు వేసుకున్న రైతుల కోసం ప్రార్థించాడు. జైనూర్ కొండల్లో జబ్బుపడ్డ ఒక సహోదరుణ్ణి ముట్టి స్వస్థపరచమన్నాడు. ఆ తర్వాత కాస్త ఆగాడు. మగ్దలేనమ్మ హమ్మయ్య అనుకుని పిండి మీద గుడ్డ తీసింది.

"ఇంకనూ తండ్రీ..." అన్నాడు తీతయ్య.

గుడ్డ మళ్లీ కప్పింది.

ఇంకనూ అని పరీక్షలు రాసే పిల్లల్ని తలుచుకున్నాడు. ఆగాడు. ఇంకనూ అని బస్సుల్లో, రైళ్లలో ప్రయాణం చేసేవాళ్లను తలుచుకున్నాడు. ఆగాడు. ఆగిన ప్రతిసారీ చాపల మీద వాళ్లు ఆమేన్ అనడానికి ఊపిరి తీసుకోవడం, ఇంకనూ అనగానే ఆ ఊపిరి ఉసూరుమని వదిలేయడం పరదా వెనక్కు వినిపిస్తోంది. మగ్దలేనమ్మకు ఆ మాట వింటేనే ఒళ్లు మండిపోతోంది. ఇన్నాళ్లు ఎన్ని ప్రార్థనలు విన్నది! ఏ ఇంట్లోనూ ఈయన ఇంత సాగదీయలేదు. నా ఇంటికొచ్చేసరికే ఈయనకు లోకమంతా గుర్తుకు రావాలా? పెనం పొగలు కక్కుతోంది. పిండి పైన పొర కడుతోంది. పప్పు చల్లారుతోంది.

పరదా సందులోంచి మొగుణ్ణి చూసింది. సీమోను గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకున్నాడు. పోపు వాసన అటే పోతున్నట్టుంది, గొంతులో గుటక పడింది. ఆమెకు వచ్చిన కోపం పాస్టరు మీదో, మొగుడి మీదో, తన మీదో తెలియలేదు. అందరి మీదా వచ్చింది.

సందులోంచి చెయ్యి ఊపింది. కళ్లు మూసుకున్నవాడికి చెయ్యి ఊపితే ఏం కనిపిస్తుంది?

"ఇంకనూ తండ్రీ, విత్తనము వేయక కోత కోయక నీ దయ మీద బ్రతుకుచున్న కాకుల కొరకు..."

కాకులు! చలిజ్వరం నుంచి లేచి భూమి లోపలికి దిగబోతున్న మనిషి నీ ముందే ఆకలితో కూర్చున్నాడు, కాకుల దాకా వచ్చావు కానీ వాడిదాకా రాలేదా అయ్యా అని ఆమె మనసులో గట్టిగా అరిచింది.

అప్పుడే బాయి సైరన్ కూసింది. ఇంకాసేపటికి వీధి చివర బస్సు ఆగుతుంది.

ఇక మగ్దలేనమ్మ వల్ల కాలేదు. భక్తి తర్వాత, భయం తర్వాత. పిండిముద్ద తీసి పీట మీద వేసి, లోపలున్న కోపమంతా అరచేతిలోకి తెచ్చుకుని కొట్టింది. టప్పున మోగింది.

"...నీ నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్!" అన్నాడు తీతయ్య.

ఎంత తొందరగా అన్నాడంటే మిగిలినవాళ్లు అందుకోలేకపోయారు. ఒక్కొక్కరే తర్వాత ఆమేన్, ఆమేన్ అన్నారు. మగ్దలేనమ్మ చెయ్యి పిండిలోనే బిగుసుకుపోయింది. సీమోను పరదా వైపు నిప్పులు చెరిగే చూపు చూశాడు. తీతయ్య మాత్రం కండువాతో మొహం తుడుచుకుని, ప్రాణం లేచొచ్చినట్టు అడిగాడు.

"అయినయా అమ్మా?"

"ఏందయ్యగారూ?"

"రొట్టెలు."

మగ్దలేనమ్మ పరదా పక్కకు నెట్టి అయోమయంగా చూసింది. అప్పుడు సత్తవ్వ నోరు తెరిచింది.

"నీకు తెల్వదా బిడ్డా? ఎన్కట మా ఇంట్ల ప్రార్థన జల్ది అయిపాయె, పొయ్యి మీద ఎసరే కాగలే. అందరు ఒకల మొకం ఒకలు సూసుకుంట కూసున్నరు. నాకు తల కొట్టేసినట్టయింది. గప్పటిసంది అయ్యగారికి మేమే చెప్పినం. లోపట రొట్టె చప్పుడు, గిన్నెల చప్పుడు ఇనబడేదాక ప్రార్థన చేస్తనే ఉండాలె అని."

"చెవి ఇటే పెట్టుకొని చేస్తున్న తల్లీ" అన్నాడు తీతయ్య. "చిన్న చప్పుడు గూడ లేదాయె. పాపం, ఎకాఎకి వచ్చి మీద పడ్డం, ఇంకా పిండే పిసకలేదేమో అనుకున్న. నా దగ్గర మాటలు ఎప్పుడో అయిపోయినయ్. కాకులకు గూడ చేసిన."

"చప్పుడైతదని నేను కొట్టకపోతి" అంది మగ్దలేనమ్మ. ఆమెకు నవ్వు రాలేదు. "చప్పుడు కాలేదని మీరు ఆపకపోతిరి. నడుమ మా ఆయన కడుపు మాడవట్టె. అయ్యో, చెప్పద్దా సత్తవ్వా? జర ముందుగాల నాకొక్క మాట చెప్పద్దా?"

"అందరికీ ఎర్కే అనుకున్న బిడ్డా."

తిట్టుకోవడానికైనా సమయం లేదు. మగ్దలేనమ్మ ఒక చేత్తో రొట్టె కొడుతూ ఇంకో చేత్తో పెనం మీది రొట్టె తిప్పింది. ఇన్నాళ్లు ఇతరుల ఇళ్ల చప్పుళ్లకు పళ్లు కొరికిన మనిషి, ఆ రాత్రి వాడంతా అదిరేట్టు కొట్టింది. మొదటి రొట్టె కంచంలో వేసి, పప్పు పోసి, సత్తవ్వ చేతికిచ్చింది. సత్తవ్వ పాస్టరు ముందు పెట్టింది. పాస్టరు దాన్ని సీమోను ముందుకు జరిపాడు.

"అద్దద్దు, ముందు మీరు తినాలె అయ్యగారూ" అన్నాడు సీమోను.

"ఆకలైన కాడికి పంపమని ఇంతసేపు దేవునికి చెప్పి, వచ్చిన రొట్టె నేను తినాల్నా? తిను, బస్సొస్తది."

సీమోను తిన్నాడు. రొట్టె తుంచి పప్పులో ముంచి గబగబా నోట్లో పెట్టుకున్నాడు. ఒకటి అయింది. రెండోది పెనం మీంచి నేరుగా కంచంలో పడింది. మూడోది సగంలో ఉండగా వీధి చివర బస్సు హారన్ కొట్టింది. మిగతా సగంలో ఎల్లిపాయ కారం వేసి, చుట్ట చుట్టి, అతని చేతిలో పెట్టింది. సీమోను గొడుగు తీసుకుని గడప దాటుతూ వెనక్కి తిరిగాడు.

"కడుపు నిండిందే" అన్నాడు.

నిండలేదని ఆమెకు తెలుసు. ఇంకో రెండు తినగలడు. అయినా ఖాళీ కడుపు కాదు. వానలో అతను పరుగెత్తడం, బస్సు కదలడం కిటికీలోంచి చూసి మళ్లీ పొయ్యి దగ్గరికి వచ్చింది.

మిగతా వాళ్లు తిన్నారు. పప్పు బాగుందన్నారు, పుంటికూర పులుపు సరిగ్గా పడిందన్నారు. ఆమె ఊఁ అంది. పెనం మీద రొట్టెలు పొంగుతున్నాయి, ఆమె లోపల ఒక మాట మెదులుతోంది. పాస్టరు ప్రార్థనలో ఇంటివాళ్ల వంతు ఎప్పుడూ ఆఖరున వస్తుంది. దేశం వచ్చింది, వాన వచ్చింది, కాకులు వచ్చాయి. సీమోను పేరు రాకముందే తన రొట్టె ఆ ప్రార్థనను నడుమకు కోసేసింది. నెల రోజుల తర్వాత ఇవాళే ఆ చీకట్లోకి దిగుతున్నాడు. ఆయన పేరు ఒక్కటే రాలేదు.

చేతులు కడుక్కుని తీతయ్య లేచి నిలబడ్డాడు. "నువ్వింకా తినలేదు తల్లీ, నీ రొట్టె చేసుకో. ముగింపు ప్రార్థన ఒక్క మాటల చేసి పోతం."

గిన్నెలో ఒక్క పిండిముద్ద మిగిలింది, ఆమెది. దాన్ని పీట మీద పెట్టుకుంది.

"తండ్రీ" అన్నాడు తీతయ్య, "ఈ ఇంటి యజమానుడు సీమోను ఈ రాత్రి భూమి అడుగుకు దిగుచున్నాడు. జ్వరము నుండి లేపినవాడవు నీవే. అతని కాళ్లకు బలమునిమ్ము. అతని తలపైనున్న రాతిని నీ చేతితో పట్టుకొనుము. తెల్లవారి ఈ గడపకు క్షేమముగా చేర్చుము."

ఆగాడు. ఎప్పటి అలవాటు కొద్దీ చెవి వంటింటి వైపు పెట్టాడు.

మగ్దలేనమ్మ చెయ్యి పిండిముద్ద మీదే ఉంది. పెనం పొగలు కక్కుతోంది. ఆకలికి కళ్లు మూతలు పడుతున్నాయి. ఆమె ఆ చేతిని అలాగే ఉంచింది, కొట్టలేదు.

పరదా అవతల చాపల మీద వాళ్లు ఆమేన్ అనడానికి ఊపిరి తీసుకున్నారు.

"ఇంకనూ తండ్రీ..." అన్నాడు తీతయ్య.