గుడ్డ కప్పిన కంప్యూటర్

ఆళ్లగడ్డ శిల్పి సుబ్బరాయాచారికి కొడుకు ఓడిపోతే బాగుండునని ఉంది. తండ్రికి అలాంటి కోరిక ఉండొచ్చా అంటే ఉండకూడదు. కానీ ఉంది. తాతల నాటి నుంచి రాళ్లలో దేవుళ్లను తీసిన ఇంట్లో ఒక్కగానొక్క కొడుకు సురేంద్ర ఉలి వదిలేసి, నంద్యాలలో ఒక మిద్దెగది బాడుగకు తీసుకుని కంప్యూటర్ సెంటర్ పెట్టాడు. మూడేళ్లయింది. ఇప్పుడున్నది నలుగురు విద్యార్థులు. వాళ్లలో ఇద్దరు ఫ్యాను గాలి కోసం వచ్చేవాళ్లే.

2001 ఉగాది నాడు సురేంద్ర ఇంటికొచ్చి చెప్పాడు. "ఏ నేలకు ఏ విత్తనం, ఏ తెగులుకు ఏ మందు అని రైతులకు తెలుగులో చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాం ఒకటి తయారు చేస్తాండా నాయనా. సెప్టెంబర్లో కంప్యూటర్ సదస్సు పెడతా. ప్రధానోపన్యాసం నాదే. అది గూడా కుదరకపోతే మరుసటి దినమే వచ్చి ఉలి పట్టుకుంటా."

"మాట మీద నిలబడ్తావా?"

"నిలబడ్తా."

అందుకే సెప్టెంబర్లో సదస్సు జరిగే ఆదివారం ఆచారి ఉతికిన పంచె కట్టుకుని, గెలిచే పందేనికి పోతున్నవాడిలా నంద్యాల బస్సెక్కాడు.

కళ్యాణమండపం నిండిపోయింది. 'మీ పొలం అడిగితే కంప్యూటర్ చెప్తుంది' అని గడివేముల, వెలుగోడు దాకా మూడు రోజులు ఆటోలో మైకు తిప్పారు మరి. వేదిక మీద బల్ల, దాని మీద పసుపు పట్టుగుడ్డ కప్పిన కంప్యూటర్, పైన బంతిపూల దండ. ఆ గుడ్డ ఎవరిదో ఆచారి చూడగానే గుర్తుపట్టాడు. తన పనిపాకలో విగ్రహం ముఖం పూర్తి కావస్తుండగా కప్పే గుడ్డ అది. మంచి ముహూర్తాన శిల్పి ఉలితో కళ్లు తెరిపించేదాకా ఆ ముఖం ఎవరూ చూడకూడదు. వెధవ, అడగకుండా ఎత్తుకొచ్చాడన్నమాట. కోపం రావాల్సిన చోట, వాడింకా పాకను మరవలేదని ఆచారికి సంతోషం వేసింది.

సురేంద్ర మైకు పట్టుకుని, మనుషులు గులకరాళ్లతో లెక్కపెట్టిన కాలం నుంచి మొదలుపెట్టాడు. అక్కడి నుంచి గదంత యంత్రాల దగ్గరికి వచ్చాడు, అక్కడి నుంచి అమెరికా పోయాడు. గంట గడిచినా కర్నూలు జిల్లాలో అడుగుపెట్టలేదు.

ఆచారి పక్క కుర్చీలో గడివేముల రైతు ఒకాయన, పేరు బయ్యన్న, ఎర్ర తువ్వాలుతో విసురుకుంటూ ఇటు ఒరిగాడు. "ఏందప్పా, గుడ్డ తీసేకి ఇంతసేపా?"



మొదలుపెట్టి రెండు గంటలు కావస్తుండగా సురేంద్ర కళ్లు మూసుకుని దండం పెట్టి గుడ్డ తీశాడు. తెర హారతి పళ్లెమంత ఉంది. మూడో వరుసకే ఏమీ కనపడలేదు. వెనక ఎవరో "మా ఇంట్లో టీవీ ఇంతకన్నా పెద్దది" అన్నారు. అందరూ నవ్వారు. సురేంద్ర చెవులు ఎర్రబడటం ఆచారికి అంత దూరం నుంచీ కనిపించింది.

బయ్యన్న లేచాడు. "పోయినేడు మా నల్లరేగడిలో శనగంతా ఎండుతెగులొచ్చి పాయ. ఈయేడు ఏ విత్తనం ఎయ్యాలో దాన్ని అడుగప్పా."

"ప్రశ్నలు చివర్లో అన్నా," అన్నాడు సురేంద్ర. "ఉపన్యాసం ఇంకా రెండు భాగాలుండాయి."

అంతే, కుర్చీలు కదిలాయి. జనం వెనక పెట్టిన ఉప్మా తిని, ఆ తిన్న నోటితోనే సదస్సును తిట్టుకుంటూ వెళ్లిపోయారు. ఆ రెండు భాగాలూ అయ్యేసరికి మిగిలింది ఆచారి, కుర్చీలు మడిచేవాళ్లు.

బయటికొస్తే మెట్ల మీద బయ్యన్న ఎవరితోనో అంటున్నాడు. "పెండ్లికి పోయి పెండ్లికూతుర్ని చూడకుండా వచ్చినట్టుండాది. యాడ దొరికినాడప్పా ఈ మాటల మూట?"

ఆచారి కోరుకున్నది అచ్చంగా జరిగింది. కానీ పరాయివాడి నోట ఆ మాట వినేసరికి మెట్టు మీదే ఆగిపోయాడు.

"వాడు నా కొడుకు," అన్నాడు.

బయ్యన్న తువ్వాలు భుజం మీద నుంచి తీశాడు. "తప్పు పట్టుకోవాకన్నా. పిల్లోడు తెలివైనోడే. నా శనగ సంగతి ఒక్కటి చెప్పింటే సాలు. నాకు ఆ అమెరికా ఎందుకు?"

ఆచారి టీ తాగుదాం రమ్మన్నాడు. బస్సులొచ్చేదాకా ఇద్దరూ టీ అంగడి బెంచీ మీదే కూర్చుని మాట్లాడుకున్నారు.

సోమవారం పొద్దున సురేంద్ర చేతిసంచిలో ఆ పట్టుగుడ్డ పెట్టుకుని ఆళ్లగడ్డలో దిగాడు. ఎవరితోనూ మాట్లాడకుండా పాకలోకి వచ్చి, కూర్చుని, ఉలి అందుకున్నాడు. రెండు దెబ్బలు వేశాడు. చేయి ఏమీ మరిచిపోలేదు. మూడేళ్లుగా ఆచారి కలవరించింది ఈ దృశ్యం కోసమే. తీరా కళ్లముందుకు వచ్చాక ఆయన దాన్ని చూడలేకపోయాడు.

"ఆపు," అన్నాడు. "ఈ రాయి తెచ్చినప్పుడు గుడి పెద్దలు ఏం చేసిరి?"

"సుత్తితో తట్టి చూసిరి. గంట మాదిరి మోగితే ఒప్పుకునిరి."

"మనం గుడ్డ ఎప్పుడు కప్పుతాం?"

"కడాన."

"నువ్వు మొదాటే కప్పితివి. ఒక్కరినీ తట్టనియ్యకపోతివి. నా దగ్గర సగం పనే నేర్చుకుంటివి రా."

సురేంద్ర తల దించుకున్నాడు. "ఇంగెవరు తడతారు నాయనా? ఊరంతా నవ్విపాయ."

"గడివేముల బయ్యన్న బేస్తవారం వస్తాండాడు, శనగ సంగతి అడిగేకి. ఇంకో నలుగుర్ని పిల్చుకొస్తా అన్నాడు. మిషన్ ముందర కుర్చీ ఆయప్పకెయ్యి. నువ్వు పక్కన నిలబడు. అడిగిందానికే చెప్పు."

సురేంద్ర ఉలి కింద పెట్టలేదు. "నీకు మాటిస్తినే, ఉలి పట్టుకుంటానని."

"పట్టుకుంటివి గదా. రెండు దెబ్బలేస్తివి. తీరిపాయ." ఆచారి కొడుకు చేతిలోంచి ఉలి తీసుకుని, వాడి అరచేతికంటిన రాతిపొడిని తన పంచెకొంగుతో తుడిచాడు. "నంద్యాల బస్సు పది గంటలకుండాది, పో. పోయేముందు ఆ పట్టుగుడ్డ ఈడ పెట్టు. అది నీకు పనికిరాదు."