ఉన్నది ఉన్నట్టు చూపే పలక

సిరాజుద్దీన్ ప్రెస్సు వెనక నల్లా దగ్గర కూర్చుని పాళీ కడుగుతున్నాడు. నీళ్ళలోకి నల్లటి సిరా పొగలా జారిపోతోంది. కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ మధ్య ఈ పాళీ గీసిన పూలతీగ లేకుండా ఒక్క లగ్గమూ కాలేదు. పందిరి లేకపోతే సర్దుకున్నారు, బాజా లేకపోతే సర్దుకున్నారు; లగ్గం పత్రిక అంచున ఆ తీగ లేకపోతే మాత్రం పెండ్లికొడుకు గుర్రం ఎక్కేవాడే కాదు.

అరవై దాటిన మనిషి. సన్నటి మెడ, చెవుల మీద తెల్ల వెంట్రుకలు, కుడిచేతి నడిమివేలి మీద పాళీ ఒరిసి ఒరిసి గట్టిపడిన కాయ. లోపలికొచ్చి కిటికీ కింద చాప మీద కూర్చున్నాడు. కుడి మోకాలు పైకెత్తి దాని మీద చెక్క ఆనించుకున్నాడు. బల్ల మీద గీయడం అతనికి ఏనాడూ అలవాటు కాలేదు.

భార్య ఖాజాబీ పోయాక ఎల్లారెడ్డిలో అతని ఇంట్లో మనిషి గొంతు వినిపించాలంటే రేడియో తిప్పాల్సిందే. పొద్దున్నే బస్సెక్కి కామారెడ్డికొస్తే ప్రెస్సు యజమాని యాకూబు ‘చాచా’ అంటాడు. రోజు మొత్తంలో అతన్ని ఎవరైనా పిలిచే పిలుపు అదొక్కటే. చాప పోతే ఆ పిలుపూ పోతుంది. అందుకే ఏడాదిగా చెయ్యి వణుకుతున్న సంగతి ఎవరికీ చెప్పలేదు. తీగ అదిరిన చోట బ్లేడుతో గీకి, తెల్లరంగు పూసి, మళ్ళీ గీసేవాడు. యాకూబు చేతికి వెళ్ళేది నున్నటి తీగే.

అన్నట్టు, లగ్గాలన్నీ అని మొదట కోసిన కోతను ఇక్కడ కొంచెం కత్తిరించాలి. దోమకొండ వాళ్ళు తీగ లేని పత్రికే చవగ్గా కొట్టించుకునేవారు. జుక్కల్ వాళ్ళు అసలు ఇటు వచ్చేవారే కాదు. గుర్రం సంగతి అడగకండి.

కామారెడ్డిలో కంప్యూటర్లను వేళ్ళ మీద లెక్కపెట్టే రోజులవి. ఆ రోజు యాకూబు తన కంప్యూటరు పక్కన రెండు నల్లటి పలకలు పెట్టించాడు. హైదరాబాదు నుంచి అమ్మేటాయన తెచ్చినవి; ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. పలక మీద ప్లాస్టిక్ పెన్నుతో గీస్తే గీత తెర మీద పడుతుంది.

“చాచా, మౌసుతోని తీగ గీస్తే జెర్రి పాకినట్టు వస్తున్నది. నువ్వు గీసి చూడు. ఏది మంచిదంటే గదే కొంట.”

సిరాజుద్దీన్ చిన్న పలకను మోకాలి మీద పెట్టుకున్నాడు. పెన్ను తీసుకుని, అలవాటు చొప్పున సిరాబుడ్డిలో ముంచాడు.

“అయ్యయ్యో పెద్దాయనా! దానికి సిరా అక్కర్లేదండీ!” అమ్మేటాయన కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

“మరి దీని కడుపుల ఏమున్నది?”

“ఏమీ లేదు.”

“పాపం, రంజాన్ రోజా ఉన్నది” అన్నాడు సిరాజుద్దీన్.

యాకూబు పొట్ట పట్టుకుని నవ్వాడు. అమ్మేటాయన్ని చాయ్‌కి తీసుకుని బయటి అరుగు మీదికి పోయాడు. వాన మొదలైంది.

సిరాజుద్దీన్ పెన్ను తుడిచి గీశాడు. చెయ్యి ఇక్కడ, గీత అక్కడ. తెర వైపు చూస్తే చెయ్యి ఎవరిదో అనిపించింది. చిన్న పలక మీద తీగ మెట్లు మెట్లుగా విరిగింది. వణుకు ఆ మెట్లలో కలిసిపోయింది. ఏది చేతిదో, ఏది మిషన్‌దో పోల్చే వీల్లేదు.

పెద్ద పలక మీద గీత చేతి వెంట నీడలా నడిచింది. నొక్కితే లావైంది, తేలిస్తే వెంట్రుకంత సన్నబడింది. మలుపు దగ్గర వేలు అదిరింది. తెర మీద తీగా అదిరింది. ఇక్కడ బ్లేడు లేదు, తెల్లరంగు లేదు.

చిన్నదే బాగుందంటే సరిపోతుంది. వంకరంతా మిషన్ మీదికి పోతుంది, చాప తనకు మిగులుతుంది. అతను తెరకేసి చూస్తూ కూర్చున్నాడు. అంత మంచి గీతను ఈ మధ్య కాగితం మీద కూడా చూడలేదు, వణుకుతో సహా.

“ఏది చాచా?” అంటూ యాకూబు లోపలికొచ్చాడు.

“పెద్దది తీస్కో బేటా. ఉన్నది ఉన్నట్టు చూపిస్తది.”

యాకూబు వంగి చూశాడు. “మరి గీ వంకరేంది? మిషన్ ఖరాబున్నదా?”

“మిషన్‌ది కాదు. చెయ్యిది.”

యాకూబు అప్పుడు ఆ చేతిని చూశాడు. “ఎప్పటిసంది?”

“తెల్లరంగు సీసాలు గంత జల్ది ఎందుకు ఒడుస్తున్నయో ఎన్నడన్న అడిగినవా?”

యాకూబు వచ్చి చాప అంచున కూర్చున్నాడు. “గీయకున్నా మంచిదే. రేపు రా. వచ్చి ఊకె కూసో చాచా.”

“ఊకె కూసునేటందుకు ఎల్లారెడ్డిల నా ఇంటి గోడ లేదా బేటా?”

సిరాజుద్దీన్ పాళీని గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. వానలోనే బస్టాండు వైపు నడిచాడు. మలుపు దగ్గర వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. మర్నాడు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. దసరా కాకముందే పోయాడని ఎల్లారెడ్డి బస్సు కండక్టరు వచ్చి చెప్పాడు.

ఇందులో నేను కల్పించింది ఇంకొకటి ఉంది. సిరాలో ముంచింది నిజమే. చెయ్యి ఊపింది మాత్రం అబద్ధం. ఊపకుండా పంపడానికి నాకు మనసొప్పలేదు. అతను వెనక్కి తిరగనే లేదు. తిరిగి ఉంటే, తను మరిచిపోయిన గొడుగును పట్టుకుని గడపలో నిలబడ్డ యాకూబు కనిపించేవాడు. ప్రెస్సు కిటికీ ఊచకు ఇప్పటికీ వేలాడుతున్నది ఆ నల్లగొడుగు, పిడికి ఎర్రదారం చుట్టినది.