నా వంతుకొచ్చిన పడవ

రెండు వేల సంవత్సరంలో నేను తొమ్మిది వేల ఆరు వందల డాలర్లు పెట్టి ఒక పడవను ఐదు నెలలు పోషించాను. పడవ నాది కాదు. పెట్టిన దాంట్లో ఒక్క డాలరు తిరిగి రాలేదు. ముప్పై ఏళ్ల వ్యాపారంలో అలాంటి ఖర్చు ఇంకోటి చేయలేదు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

సింగపూర్‌లో బీచ్ రోడ్ వెనక సందులో మాది ఓడలకు సరుకులు అందించే దుకాణం. మోకులు, రంగు డబ్బాలు, బియ్యం, ఉల్లిపాయలు, సబ్బులు, రేవులో ఆగిన ఓడకు ఏది కావాలంటే అది. భీమిలి నుంచి వచ్చిన మా తాత పెట్టాడు, నాన్న పెంచాడు, నేను పోగొట్టకుండా ఉంచాను. కొన్ని వేల ఓడలు ఎక్కి ఉంటాను. సరుకు అప్పజెప్పి, సంతకం తీసుకుని, దిగిపోయేవాణ్ణి. ఏ ఓడా నేను పైన ఉండగా కదల్లేదు.

ఆ రోజుల్లో ఇక్కడ ఎక్కడ చూసినా కొత్త తెలుగువాళ్లే. సైన్స్ పార్క్‌లో కంప్యూటర్ ఉద్యోగాలు వాళ్లను విమానాల కొద్దీ దింపుతుండేవి. మేం పాతవాళ్లం. మా తెలుగులో అరవం, మలయ్ ఎప్పుడో కలిసిపోయాయి. వాళ్లు మాతో మర్యాదగానే ఉండేవారు, నమస్కారం పెట్టి పక్కకు తప్పుకునేవారు. పాతవాళ్లనీ కొత్తవాళ్లనీ ఒకచోట చేర్చింది మా అమ్మాయి కీర్తిక. పాలిటెక్నిక్‌లో డ్రాగన్ పడవల పోటీలో చుక్కాని పట్టేది. జూన్‌లో కల్లాంగ్ నది నీళ్లలో జరిగే పందేనికి తెలుగు జట్టును దింపాలని పట్టుబట్టింది. తెడ్లు వేయడానికి ఇరవై మంది, ముందు కూర్చుని డ్రమ్ము కొట్టడానికి ఒకరు కావాలి. తెడ్లకు పద్నాలుగు మంది సుధాకరరావు కంపెనీ నుంచే దొరికారు.

సుధాకరరావుది గుంటూరు. నలభై ఇంకా నిండలేదు. ఇంటర్నెట్‌లో టికెట్లు అమ్మే సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టాడు. అప్పటికే పేపర్లో ఫొటో పడింది. ఫొటో కింద లక్షల్లో ఏదో అంకె.

జనవరిలో బెడోక్‌లో ఒక హాల్లో తెలుగువాళ్లందరం కూర్చున్నాం. పడవ అద్దె, తెడ్లు, కోచ్, చొక్కాలు, వారం వారం టిఫిన్లు కలిపి తొమ్మిది వేల ఆరు వందలు తేలింది. ఎవరు పెట్టుకుంటారని అడిగితే అందరికీ ఫ్యాను మీద ఆసక్తి పుట్టింది.

అప్పుడు నిఖిల లేచింది. సుధాకరరావు కంపెనీలో ఇంజినీరు, వరంగల్ పిల్ల. చరిత్ర పుస్తకాలంటే పిచ్చి.

"పూర్వం గ్రీసు దేశంల, ఏథెన్స్ అనే ఊళ్లె, ఏం చేసేటోళ్లో తెల్సా? డబ్బున్నోని పేరు రాసి, ఈ ఏడు ఈ యుద్ధనౌక నీది అనేటోళ్లు. ఓడ ఊరిదే. రిపేర్లు, సామాన్లు, తెడ్లేసేటోళ్లకు జీతం తక్కువ పడితే అది, అంత ఆయన మీదనే. పైసలిచ్చి ఇంట్ల కూసుంటనంటే నడ్వదు. కమాండర్ లెక్క తనే ఓడెక్కి యుద్ధానికి పోవాలె."

"కుదరదంటే?" అన్నారెవరో.

"ఒక్కటే దారి. నాకన్న ఫలానాయన ధనవంతుడు, ఆయనకియ్యండి అనాలె. ఆయన ఒప్పుకుంటే సరే. లేదు, నువ్వే ధనవంతునివి అన్నడనుకో, ఇద్దరు ఆస్తులు మార్చుకోవాలె. ఇల్లు, పొలం, అప్పులు, మొత్తం. మూడు దినాలల్ల లిస్టులు ఇచ్చుకోవాలె."

హాలంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఆ చట్టం రాసినవాడెవడో తక్కెడ తెలిసినవాడు. పేదరికం నటించేవాణ్ణి పట్టుకోవడానికి ఇంతకంటే మంచి తూకపురాయి నేను చూడలేదు.

"అయితే రాజు అంకుల్ పేరు రాసేయండి. ఓడల అంకుల్ ఉండగా వేరేవాళ్లెందుకు?" అని వెనక నుంచి కేక. చప్పట్లు. నా పేరు వెంకటరాజు. దాన్ని వాళ్లు అలా కుదించారు.

నేను లేచాను. "రూలు రూలే. నాకంటే రావుగారు ధనవంతులు. పేపర్లో కూడా వేశారు."

"అది కాగితం, రాజుగారూ," అన్నాడు సుధాకరరావు. "మీది సరుకు. తాకితే చేతికి అంటుకుంటుంది."

"అంటుకునేది తారు. మరి మార్చుకుందామా? దుకాణం మీకు, కాగితం నాకు."

ఇంకో నవ్వు లేచింది. సభ అయిపోయింది. నేను దాన్ని వేళాకోళం ఖాతాలో వేసుకుని ఇంటికి పోయాను.

మర్నాడు పొద్దున్నే సుధాకరరావు దుకాణానికి వచ్చాడు. టై కట్టుకుని మోకు చుట్ట మీద కూర్చున్నాడు.

"మార్చుకుందాం, రాజుగారూ. నేను వేళాకోళానికి అనడం లేదు. లిస్టులు ఇచ్చుకుందాం."

ఆయన వాటాలు ఆనాటి లెక్కన ఇరవై ఆరు లక్షల డాలర్లు. నా దుకాణం, సరుకు, రెండు వ్యాన్లు, రావలసిన బాకీలు అన్నీ కలిపి పిండితే నాలుగు లక్షలు. కిలో ఉల్లిపాయల మీద రెండు సెంట్ల కోసం అరగంట బేరమాడే మనిషిని నేను. ఆ అంకె విన్నాక ఒళ్లు వేడెక్కలేదంటే అబద్ధం. ఆ మూడు రోజులూ దుకాణాన్ని అమ్మేసినవాడిలా చూశాను. తాత చేయించిన కొలబద్ద చూసి ఇది తీసుకుపోవచ్చా అని కూడా ఆలోచించాను. అయినా ఆరు రెట్లు ఇస్తానంటూ వచ్చినవాడి సరుకును విప్పి చూడకుండా తీసుకోకూడదు, అది మా నాన్న చెప్పిన మొదటి పాఠం.

ముందు ఆయన మా సరుకు చూశాడు. మోకులు వాసన చూశాడు, బియ్యం నోట్లో వేసుకున్నాడు. మా ఆవిడ సుధామణి కాఫీ తెచ్చి, "లిస్టులో ఈయన పేరు కూడా రాసుకున్నారా అన్నయ్యగారూ? రాసుకుంటే మళ్లీ వాపసు తీసుకోం," అంది. ఆయన చాలాసేపు నవ్వాడు. అలా నవ్వి ఎన్నాళ్లయిందో అనిపించింది.

కీర్తిక మాత్రం నవ్వలేదు. "పా, యూ సియావ్ ఆ? పిచ్చా నీకు? తాత షాప్ లా!" అని సింగపూర్ పిల్లల యాసలో అరిచి రెండు రోజులు నాతో కలిసి భోంచేయలేదు.

మూడో రోజు నేను సైన్స్ పార్క్‌కి వెళ్లాను. చల్లటి ఆఫీసు. గోడ నిండా రంగు రంగుల చీటీలు. సరుకు ఎక్కడుందని అడిగితే ఒక అల్మారా అంత పెట్టెలో మినుకుమనే దీపాలు చూపించారు. నాకు అందులో తెలిసేదేం లేదు. బ్యాంకు కాగితాలు మాత్రం నాకు తెలుసు, అవి తెమ్మన్నాను.

బ్యాంకులో తొమ్మిది లక్షలు. నెల ఖర్చు లక్షన్నర. ఆయన సొంత ఖాతాలో మిగిలింది పదకొండు వేలు. తక్కినదంతా ఎప్పుడో కంపెనీలో పోసేశాడు.

"ఆరు నెలలు. ఆ తర్వాత?"

"కొత్త పెట్టుబడి రావాలి. వస్తే ఇరవై ఆరు కాస్తా యాభై అవుతాయి. రాకపోతే సున్నా."

"ముప్పై ఒక్క మంది జీతాలు?"

"మార్చుకుంటే వాళ్లూ మీవాళ్లే కదా. అప్పులు కూడా వస్తాయని నిఖిల చెప్పింది." నవ్వుతూనే అన్నాడు గానీ కళ్లు తలుపు వైపు ఉన్నాయి. అద్దం అవతల ఆ పిల్లలు నూడుల్స్ డబ్బాలు ఒళ్లో పెట్టుకుని టైపు చేస్తున్నారు. "వాళ్లకు ఆరు నెలల సంగతి తెలియదు, రాజుగారూ. నాకు నిద్ర లేదు. మీ మోకు చుట్ట మీద కూర్చుంటే, ఇదెంత హాయి, పొద్దున తెరిచి సాయంత్రం మూసేయొచ్చు కదా అనిపించింది."

నేను కాగితాలు మడిచి బల్ల మీద పెట్టాను. ఆయనే చెక్కుబుక్కు తీశాడు.

"మీరు ఒప్పుకోరని తెలుసు. చూసినవాడెవడూ ఒప్పుకోడు. పడవ నేను తీసుకుంటాను. ఆటను ఆటగానే పోనిద్దాం." తొమ్మిది వేల ఆరు వందలకు రాసి నా ముందు పెట్టాడు.

చేతికి వచ్చిన చెక్కును నేను ఎన్నడూ కాదనలేదు. దుకాణం నిలుస్తుంది, పడవ బరువు తప్పుతుంది, రెండు వైపులా నాకే లాభం. చెక్కు పట్టుకుని కూర్చున్నాను. అద్దం అవతల పిల్లల్లో ముగ్గురి నెల జీతం అది. పదకొండు వేలల్లోంచి అది పోతే ఈ మనిషి ఇంట్లో కూర వండుకోవడానికి మిగిలేది పద్నాలుగు వందలు.

నిఖిలను లోపలికి పిలవమన్నాను.

"అమ్మాయ్, ఒక్క మాట చెప్పు. ఏథెన్స్‌లో ఒకడి నెత్తిన ఒకే ఏడు రెండు ఓడలు పెడతారా?"

"లేదంకుల్. ఒకటి మోస్తున్నోనికి ఇంకోటి ఇయ్యరు. గది కూడ రూలే."

"ఈయన దగ్గర ముప్పై ఒక్క మంది తెడ్లు వేసేవాళ్లున్న ఓడ ముందే ఉంది. అంటే దావా నేను ఓడిపోయాను. పడవ నాది."

చెక్కు చింపేశాను. ఆ పిల్ల మేమింకా ఆటలోనే ఉన్నామనుకుని చప్పట్లు కొట్టింది. సుధాకరరావు వంగి చెక్కు ముక్కలు ఏరుకున్నాడు.

డబ్బిచ్చినవాడు ఇంట్లో కూర్చోకూడదు కదా. పడవ ముందు డ్రమ్ము దగ్గర నేనే కూర్చుంటానన్నాను. కీర్తిక తల పట్టుకుంది. "పా, డ్రమ్మర్ లైట్‌గా ఉండాలి లా! నలభై ఐదు కిలోలు! నువ్వు ఎనభై నాలుగు!"

"గ్రీసువాళ్లు కమాండర్ని తూకం వేశారా?" అన్నాను.

అది నా తప్పే, ఒప్పుకుంటున్నాను. నేనెక్కగానే పడవ ముక్కు నీళ్లలోకి వంగేది. అయినా దిగలేదు. ఫిబ్రవరి నుంచి ప్రతి ఆదివారం పొద్దున కల్లాంగ్‌లో ఉన్నాం. నాకు తెలిసిన లెక్క బస్తాలు కొలిచే లెక్క ఒక్కటే. అందులో ఒకటి అనం, లాభం అంటాం. డ్రమ్ము మీద దెబ్బకొకటిగా "లాభం! రెండు! మూడు!" అని అరిచేవాణ్ణి. మొదటి వారం పిల్లలు నవ్వలేక తెడ్లు వదిలేశారు. మూడో వారానికి ఇరవై గొంతులూ లాభం అంటున్నాయి. సుధాకరరావు ఎడమ వైపు ఆరో తెడ్డు. తడిసిపోయి, రొప్పుతూ, నాకేసి చూసి అందరికంటే గట్టిగా అరిచేవాడు. తర్వాత అందరం పక్కనున్న తిండికొట్ల దగ్గర, గొడుగులు, టవళ్లు పరిచి వరస టేబుళ్లు పట్టుకుని, కలిసి పరోటాలు తినేవాళ్లం. సుధామణి ఇంటి నుంచి గోంగూర పచ్చడి తెచ్చేది. ఆ పిల్లలు దానికోసం కొట్టుకునేవారు. మమ్మల్ని చూసి పక్కకు తప్పుకోవడం ఎప్పుడు మానేశారో నేను గమనించలేదు.

జూన్‌లో పందెం. ఆరు పడవల్లో ఐదోది మాది. నా బరువు లేకపోతే నాలుగో స్థానం వచ్చేదని కీర్తిక ఇప్పటికీ అంటుంది. గట్టు మీద నిఖిల నా చేయి పట్టుకుని ఊపేస్తూ, "అంకుల్, ఒక ఏడు ఓడ మోసినోణ్ణి రెండేండ్లు మళ్ల అడగొద్దు. మీకు రెస్టు," అంది. హమ్మయ్య అన్నాను.

పెట్టుబడి రాలేదు. ఆ ఆగస్టులో కంపెనీ మూతబడింది. సుధాకరరావు కారు అమ్మి ముప్పై ఒక్క మందికీ చివరి జీతం ఇచ్చాడు. వెళ్లే ముందు వచ్చి మోకు చుట్ట మీద గంటసేపు కూర్చున్నాడు. ఇప్పుడు పుణెలో ఎవరి దగ్గరో ఉద్యోగం. నిఖిల సిడ్నీ వెళ్లింది. మిగతావాళ్లు వీసా గడువు ఎంతుంటే అంతలో ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

నాకిచ్చిన రెండేళ్ల సెలవు అయిపోయింది. రెండు వేల మూడు జనవరిలో బెడోక్‌లో సభ పెడితే ముందు వరసలో కూర్చున్నాను. ఉగాది భోజనాల గురించి, మైకు అద్దె గురించి మాట్లాడారు. ఇంకేమైనా ఉందా అన్నారు. నేను లేచి పడవ సంగతి ఎత్తాను. ఖర్చు నాదేనని, కావాలంటే డ్రమ్ము దగ్గర వేరే ఎవరినైనా కూర్చోబెట్టండని కూడా అన్నాను.

"బాగుంది అంకుల్. మరి తెడ్లు వేసేదెవరు?"

వెనక్కి తిరిగి లెక్కపెట్టాను. లాభం, రెండు, మూడు. పదకొండు దగ్గర ఆగింది. అందులో ఆరుగురు నాకంటే పెద్దవాళ్లు.