కాళహస్తాచారి మోచేతిలో నేను చూసినది

పెన్సిల్ కన్నా సన్నని ఉక్కు గొట్టాన్ని నేను. కొసన ఒక కన్ను, వెనక కెమెరా, పక్కన దీపం తీగ. ఎక్కడో చలిదేశపు ఫ్యాక్టరీలో ఒకావిడ ఊపిరి బిగబట్టి నా అద్దాలను ఒక్కొక్కటిగా అమర్చింది. అక్కణ్ణుంచి కర్నూలులో ఒక ఎముకల ఆసుపత్రికి వచ్చి పడ్డాను. మనుషులు పక్కవాడి మనసులోకి తొంగిచూడాలని తెగ ఆరాటపడతారు. తమ కీలు లోపల ఎలా ఉందో చూడమంటే మాత్రం మొహం తిప్పుకుంటారు. తిప్పుకోని మనిషిని ఒక్కణ్ణే చూశాను.

ఆయన కాళహస్తాచారి, ఆళ్లగడ్డ వైపు శిల్పి. యాభై రెండేళ్ల వయసులో నలభై ఏళ్లు సుత్తి పట్టినవే. కుడి మోచేయి చాపబోతే మధ్యలో పట్టేసి ఆగిపోయేది. ఒక గుడికి ఒప్పుకున్న నరసింహస్వామి విగ్రహం, కళ్లు చెక్కడం ఒక్కటే మిగిలి, షెడ్డులో ఉండిపోయింది.

చేయి వరకే మత్తిచ్చి బల్ల మీద పడుకోబెట్టారు. డాక్టర్ శశిరేఖ మరోసారి వివరంగా చెప్పింది. "రెండు మూడు చిన్న గాట్లు పెడతానండీ, చిటికెన వేలి గోరంత. ఉప్పునీళ్లతో కీలు ఉబ్బేలా చేసి, లోపల విరిగి తిరుగుతున్న ముక్కలు తీసేస్తాను. రేపే ఇంటికెళ్లొచ్చు. కానీ నొప్పిగా ఉన్నా చెయ్యి రోజూ ఆడించాలి. వాపు కొన్ని వారాలుంటుంది."

"అదంతా సరే మేడమ్. మళ్లా సుత్తి పట్టేకి అయితాదా?"

"లోపల చూశాక చెబుతాను."

ఆ చూడాల్సింది నేనే. లోపలికి వెళ్లాను. కీలు మీద లేత కొబ్బరిలా నున్నగా ఉండాల్సిన పొర చాలాచోట్ల లేదు. ఎముక బయటపడి ఉంది. దాని మీద నెర్రెలు. డాక్టరమ్మ ఐదు ముక్కలు తీసింది. ఆచారి తల తిప్పి, నేను చూసేదంతా కనిపించే తెర వైపే చూస్తున్నాడు.

"ఆ తెల్లగా ఉండేదేంది మేడమ్?"

"ఎముక. దాని మీద మెత్తని పొర ఉండాలి."

"అరిగిపాయనా?"

"చాలావరకు."

"ఇట్లాంటి రాయి వస్తే మేం ఉలి పెట్టం మేడమ్. పక్కన పడేస్తాం" అన్నాడు.

నన్ను పట్టుకున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "నొప్పి తగ్గుతుంది. అన్నం మీ చేత్తో మీరే తినగలుగుతారు. అరిగిపోయినదాన్ని మాత్రం తిరిగి తేలేను" అంది డాక్టరమ్మ.

"తినేకి కాదు మేడమ్ నేనొచ్చింది."

తర్వాతి సంగతులు నర్సు గ్రేస్ మాటల్లో విన్నాను. డాక్టరమ్మ చెప్పిన వ్యాయామాలన్నీ ఆచారి చేశాడట. చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడట, అన్నం కలుపుకుంటున్నాడట. మూడు నెలలయ్యాక సుత్తి ఎత్తితే ఇరవై దెబ్బలకే మోచేయి వాచిపోయింది. స్వామి కళ్లు పక్క షెడ్డు శిల్పి చెక్కాడు. ప్రతిష్ఠకు ఆచారి వెళ్లలేదు.

నా అద్దంలో నల్లమచ్చలు పడి స్టోరు గదికి చేరకముందు ఆయన్ను ఇంకోసారి చూశాను. ఈసారి ఎడమ చేయి, ఉలి పట్టే చేయి. అది కూడా పట్టేస్తోందని భార్య కాళమ్మ బలవంతంగా తీసుకొచ్చింది. నన్ను బల్ల పక్కన సిద్ధం చేసి, దీపం వెలిగించారు. మత్తు సూది ఇవ్వబోతుంటే ఆయన లేచి కూర్చున్నాడు.

"ఈ చెయ్యి లోపల చూడొద్దు మేడమ్."

"ఎందుకండీ? ఇది అంత పాడై ఉండకపోవచ్చు."

"చూస్తే తెలిసిపోతాది" అన్నాడు.

బల్ల దిగి, చొక్కా భుజాన వేసుకుని బయటికి నడిచాడు. డాక్టరమ్మ ఆపలేదు. గ్రేస్ దీపం ఆర్పింది. వాడకపోయినా నన్ను కడిగి, ఆరబెట్టి, పెట్టెలో పెట్టారు.